సిస్టిక్ ఫైబ్రోసిస్: వ్యాధి ఉద్ధృతి, వాపు సూచికలు

తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్టమైన జన్యువు సంక్రమించినప్పుడు బిడ్డకు సిస్టిక్ ఫైబ్రోసిస్ వస్తుంది. సీఎఫ్‌టీఆర్ అనే ఈ జన్యువును శాస్త్రవేత్తలు 1989లో గుర్తించారు. దీని లోపం వల్ల కణాలలో ఉప్పు, నీటి రాకపోకలు దెబ్బతింటాయి. ఊపిరితిత్తులలోని స్రావం చిక్కబడి, సూక్ష్మజీవులకు నెలవుగా మారుతుంది.

ఆ సూక్ష్మజీవులను ఎదుర్కొనేందుకు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెద్దసంఖ్యలో శ్వాసనాళాలకు చేరుకుంటాయి. అవి విడుదల చేసే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ మోతాదు మించితే శ్వాసనాళాల గోడలనే దెబ్బతీస్తుంది. రోగి కుదుటగా ఉన్న రోజుల్లోనూ ఈ వాపు ప్రక్రియ పూర్తిగా ఆగదు. అది పెచ్చుమీరినప్పుడు దగ్గు, కళ్లె అధికమవుతాయి. ఆయాసం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం తోడవుతాయి. దీనినే వైద్యులు వ్యాధి ఉద్ధృతి అంటారు.

ఈ దశలో రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్, కాల్‌ప్రొటెక్టిన్, కళ్లెలో ఎలాస్టేజ్, ఇంటర్‌ల్యూకిన్-8 వంటి వాపు సూచికలు పెరుగుతాయి. యాంటీబయాటిక్ చికిత్స ఫలిస్తే సాధారణంగా తగ్గుముఖం పడతాయి. అయితే సి-రియాక్టివ్ ప్రోటీన్ ఇతర ఇన్‌ఫెక్షన్లలోనూ పెరుగుతుంది. కొందరిలో వ్యాధి ఉద్ధృతంగా ఉన్నా సాధారణ స్థాయిలోనే ఉండవచ్చు. కనుక ఒక్క రక్తపరీక్ష ఆధారంగా నిర్ధారణకు రావడం తగదు. రోగి కుదుటగా ఉన్నప్పటి ఫలితాలతో పోల్చి, లక్షణాలు, బరువు, ఊపిరితిత్తుల సామర్థ్యం, కళ్లె కల్చర్ పరీక్షలతో కలిపి చూడాలి.

జాప్యం చేస్తే నష్టం శాశ్వతం కావచ్చు. నరం ద్వారా యాంటీబయాటిక్స్ తీసుకున్న రోగులపై అమెరికాలో జరిపిన విశ్లేషణ 2010లో వెలువడింది. ఉద్ధృతి అనంతరం సుమారు నాలుగో వంతు మంది ఊపిరితిత్తులు మునుపటి సామర్థ్యాన్ని తిరిగి పొందలేదని అది తేల్చింది.

ఇది శ్వేతజాతీయులకే పరిమితమైన వ్యాధి అనే భావన భారతదేశంలో చాలాకాలం కొనసాగింది. ఫలితంగా క్షయ, ఉబ్బసం, పోషకాహార లోపంగా పొరబడే సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి. పదేపదే న్యుమోనియా రావడం, జిడ్డుగా దుర్వాసనతో కూడిన విరేచనాలు, తగినంత తింటున్నా బరువు పెరగకపోవడం, ముద్దాడినప్పుడు చర్మం ఉప్పగా తగలడం వంటివి బిడ్డలో కనిపిస్తే చెమట పరీక్ష చేయించాలి. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకు మించితే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. వ్యాధిని ముందే గుర్తిస్తేనే, ఉద్ధృతి తలెత్తినప్పుడు పోల్చి చూసేందుకు పాత ఫలితాలు వైద్యుల చేతిలో ఉంటాయి.