దుకాణం ఎవరి చేతికి?

1983 డిసెంబరులో మన రోడ్ల మీదకి మారుతి 800 వచ్చింది. మారుతితో చేయి కలపాలన్న నిర్ణయం వెనకున్న ఒసాము సుజుకి, పుట్టుకతో సుజుకి కాదు. ఆయన ఇంటిపేరు మత్సుదా. 1958లో సుజుకి కంపెనీ స్థాపకుడి మనవరాలిని పెళ్ళాడి, అత్తవారింటి పేరు తీసుకుని, 1978లో కంపెనీ అధ్యక్షుడయ్యారు. మన మాటల్లో చెప్పాలంటే, ఇల్లరికం.

జపాన్, చైనా, కొరియాల వ్యాపార పద్ధతులని కన్ఫ్యూషియస్ పేరు చెప్పి ఒకే గాటన కట్టేయడం మామూలే. కానీ ఒక్క ప్రశ్న వేస్తే ఆ ముడి విడిపోతుంది: యజమాని తర్వాత దుకాణం ఎవరిది?

జపాన్ వర్తకులకి రక్తం కన్నా ఇంటి పేరు, వ్యాపారం నిలవడం ముఖ్యం. కొడుకు అసమర్థుడైతే పక్కన పెట్టి, పనితనమున్న గుమాస్తాని అల్లుణ్ణి చేసుకుని దత్తత తీసుకున్న ఇళ్ళున్నాయి. 1673లో ఎదో నగరంలో బట్టల కొట్టు తెరిచిన మిత్సుయి కుటుంబమైతే ఆస్తిని పంచుకోకుండా ఉమ్మడిగా ఉంచింది. మెయిజి మార్పుల గందరగోళంలో దాన్ని ఒడ్డున పడేసింది మినోమురా రిజాయెమోన్ అనే బయటి మనిషి.

చైనాలో అన్నదమ్ములందరికీ సమాన వాటాలు. న్యాయమే, కానీ తరం మారినప్పుడల్లా పెట్టుబడి ముక్కలవుతుంది. సంపద మూడు తరాలు దాటదన్న సామెత అక్కడ ఊరికే పుట్టలేదు.

కొరియాలో ఒకప్పుడు దత్తత తీసుకోవాలన్నా తండ్రి వంశంలోంచే తీసుకోవాల్సి వచ్చేది. అల్లుడు లెక్కలోకి వచ్చేవాడు కాదు. 1938లో సామ్‌సంగ్ పెట్టిన లీ బ్యుంగ్-చుల్ 1987లో పోయాక పగ్గాలు మూడో కొడుక్కి దక్కాయి. జపాన్ 'జైబాత్సు', కొరియా 'చేబోల్' రాసేది అవే రెండు చైనా అక్షరాలతో. కానీ మొదటివాటిని యుద్ధం తర్వాత అమెరికా ఆక్రమణ ప్రభుత్వం విడగొట్టింది. రెండోవి ఆ తర్వాతే పెరిగాయి. కాబట్టి తేడా అంతా ఆచారానిదే అనలేం, రాజకీయాలదీ ఉంది.

మరి మన ఇల్లరికం? రెడ్డి, కమ్మ కుటుంబాల్లోని ఈ ఆచారాన్ని మద్రాసు కాలపు కోర్టులు కూడా గుర్తించాయి. కానీ అది ప్రధానంగా కొడుకులు లేని ఇంట్లో పొలం చూసుకోవడానికి. అల్లుడి ఇంటిపేరు మారదు, ఊళ్ళో వెటకారం మాత్రం తప్పదు. జపాన్‌లో కొడుకున్నా అల్లుణ్ణి తెచ్చుకున్న ఇళ్ళున్నాయి. అసలు తేడా అక్కడే.

అలాగని జపాన్ పద్ధతిని ఆకాశానికెత్తక్కర్లేదు. అందులో కూతురు దారి మాత్రమే, వారసురాలు కాదు. ఒసాము తర్వాత 2015లో అధ్యక్షుడైంది కూడా ఆయన కొడుకే. అయితే ఆ పద్ధతి బయటివాడికి ఒక తలుపు తెరిచి ఉంచింది, పెళ్ళి అనే ఇరుకు తలుపే అయినా. 2020లో లీ జే-యోంగ్ సామ్‌సంగ్‌ని తన పిల్లలకి అప్పగించనని ప్రకటించారు. కుటుంబ కంపెనీలో జీతానికి పనిచేసే ఎవరికైనా తెలియాల్సింది ఇదే: ఇక్కడ పనితనం ఏ మెట్టు దాకా తీసుకెళ్తుంది, ఏ మెట్టు నుంచి పుట్టుక అడ్డుపడుతుంది?