ఎఫ్‌పీవీ డ్రోన్లలో తెరపై సమాచార ప్రదర్శన: ఎంపిక చరిత్ర – పరిణామం

వ్యాససంగ్రహం:

కెమెరా దృశ్యాన్ని గాగుల్స్‌లో చూస్తూ మల్టీరోటర్ డ్రోన్‌ను నడిపే పద్ధతిలో, ఆ దృశ్యం మీదనే బ్యాటరీ, దూరం, దిశ వంటి వివరాలను అక్షరరూపంలో చూపే ఏర్పాటును ఓఎస్‌డీ అంటారు. 2009 నుండి నేటివరకు ఈ ఏర్పాటు ఎంపికలో వచ్చిన మార్పులను ఈ వ్యాసం చారిత్రకదృష్టితో పరిశీలిస్తుంది. విడి బోర్డును ఎంచుకోవడంతో మొదలైన ఈ ఎంపిక ఫర్మ్‌వేర్ ఎంపికగా, ఆపై తెరమీద కనిపించే అంశాల ఎంపికగా, చివరకు ఎంచుకొనే అధికారం ఎవరిదన్న ప్రశ్నగా పరిణమించిందని నిరూపించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం. తెర లిపికి సంబంధించిన పరిమితులను కూడా ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: ఎఫ్‌పీవీ, ఓఎస్‌డీ, మల్టీరోటర్, మినిమ్ఓఎస్‌డీ, బీటాఫ్లైట్, అక్షరగడి, లిపి, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

డ్రోన్ ముందుభాగాన అమర్చిన కెమెరా పంపే దృశ్యాన్ని నేలమీద ఉన్న వ్యక్తి అప్పటికప్పుడు గాగుల్స్‌లో చూస్తూ, ఆ దృశ్యమే ఆధారంగా డ్రోన్‌ను నడపడాన్ని ఎఫ్‌పీవీ అంటారు. ఫస్ట్ పర్సన్ వ్యూ అన్న మాటలకు ఇది సంక్షిప్తరూపం. ఉత్తమపురుష కథనంలో కథకునికి తెలిసినంత మేరకే పాఠకునికి తెలుస్తుంది. ఇక్కడ కెమెరాకు కనిపించినంత మేరకే నడిపేవానికి తెలుస్తుంది. బ్యాటరీలో మిగిలిన శక్తి, బయలుదేరిన చోటు ఉన్న దిక్కు, రేడియో సంకేతం బలం కెమెరాకు కనిపించవు.

ఈ అజ్ఞానం మల్టీరోటర్ విషయంలో మరింత ప్రమాదకరం. రెక్కలున్న నమూనా విమానం మోటారు ఆగినా కొంతదూరం గాలిలో జారుతూ దిగగలదు. నాలుగు మోటార్ల బలం మీదనే నిలిచే డ్రోన్‌కు ఆ అవకాశం లేదు. విద్యుత్తు ఆగిన క్షణమే అది రాయిలా పడిపోతుంది. కనుక తెరమీద ఏ అంకె కనబడాలన్నది సౌకర్యానికే పరిమితమైన విషయం కాదు. కింద ఉన్న మనుషుల భద్రతకూ సంబంధించినది.

2. పూర్వరంగం:

చూపు మరల్చకుండా సమాచారం అందించాలన్న ఆలోచన యుద్ధవిమానాలలో పుట్టింది. రెండవ ప్రపంచయుద్ధకాలపు పోరాటవిమానాలలో గురిచుక్కను అద్దంమీద ప్రతిఫలింపజేసే సాధనాలు ఉండేవి. 1950ల చివర బ్రిటన్‌లో బక్కనీర్ దాడివిమానం కోసం రూపొందిన హెడ్ అప్ డిస్‌ప్లే ఈ మార్గంలో ముఖ్యమైన మజిలీ. అయితే విమానపు హెడ్ అప్ డిస్‌ప్లేకూ డ్రోన్ ఓఎస్‌డీకీ మౌలికమైన భేదం ఒకటుంది. మొదటిదానిలో కాంతిరేఖలు పారదర్శకమైన అద్దంమీద తేలుతాయి. వెనుకనున్న ఆకాశం యథాతథంగా కనిపిస్తూనే ఉంటుంది. రెండవదానిలో అక్షరం పడినచోట దృశ్యం చెరిగిపోతుంది. తెలుపు గీత, దాని చుట్టూ నల్లని అంచు ఆక్రమించినంత మేర కొమ్మ గానీ తీగ గానీ కనిపించదు. తెరమీద చేర్చే ప్రతి అంశానికీ దృశ్యంలో కొంతభాగాన్ని మూల్యంగా చెల్లించవలసిందే. ఓఎస్‌డీ ఎంపికలోని చిక్కంతా ఇందులోనే ఉంది.

3. 480 గడుల పలక:

ఎఫ్‌పీవీ ఓఎస్‌డీల చరిత్రను ఎక్కువగా నిర్దేశించినది మ్యాక్సిమ్ సంస్థ తయారుచేసిన మ్యాక్స్7456 అనే చిప్. కెమెరా నుండి వచ్చే అనలాగ్ వీడియోసంకేతం ఈ చిప్ గుండా ట్రాన్స్‌మిటర్‌కు వెళ్తుంది. చిప్ ఆ సంకేతంలోని ఒక్కొక్క గీత ఆరంభాన్ని గుర్తించి, అక్షరం రావలసిన క్షణంలో దృశ్యానికి బదులు తెలుపునో నలుపునో పంపుతుంది. మొత్తం చిత్రాన్ని దాచుకొని మార్చి పంపే పని లేదు గనుక నడిపేవానికి తెలిసేంత ఆలస్యం జరగదు. వేగంగా ఎగిరే డ్రోన్‌కు ఈ గుణం ప్రాణప్రదమైనది.

ఈ చిప్ తెరను గడులుగా విభజిస్తుంది. ఒక్కొక్క గడి వెడల్పు 12 బిందువులు, ఎత్తు 18 బిందువులు. పాల్ పద్ధతిలో 30 నిలువు వరుసలు, 16 అడ్డవరుసలు, అంటే 480 గడులు ఉంటాయి. ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో అడ్డవరుసలు 13 కనుక గడులు 390 మాత్రమే. పాల్ లెక్కన 16వ వరుసలో పెట్టిన బ్యాటరీ అంకె, ఎన్‌టీఎస్‌సీ కెమెరా తగిలించగానే అదృశ్యం కావడానికి కారణం ఇదే. చిప్ జ్ఞాపకంలో పట్టే ఆకృతులు 256. అక్షరాలు, అంకెలు, బాణాలు, బ్యాటరీ బొమ్మలు అన్నీ ఈ లెక్కలోనివే.

4. బోర్డును ఎంచుకున్న కాలం:

2009 ప్రాంతంలో ఎఫ్‌పీవీ అభిరుచి ప్రధానంగా రెక్కల నమూనా విమానాలకు చెందినది. రెమ్జీబీ ఓఎస్‌డీ, ఇమ్మర్షన్‌ఆర్‌సీ వారి ఈజీఓఎస్‌డీ, ఈగిల్‌ట్రీ వారి ఓఎస్‌డీ ప్రో వంటివి ఆ తరానికి చెందిన సాధనాలు. ఆనాటి విమానాలలో వేరే కంప్యూటర్ ఉండడం అరుదు. అందువలన జీపీఎస్ స్వీకరణి, కరెంటును కొలిచే పరికరం వంటివాటిని ఓఎస్‌డీయే స్వయంగా వెంటబెట్టుకొని రావలసివచ్చేది. ఎంపికలో ప్రధానప్రశ్న ఏ బోర్డుకు ఎన్ని కొలమానాలు ఉన్నాయన్నదే.

మల్టీరోటర్ ఈ పరిస్థితిని తారుమారు చేసింది. నాలుగు మోటార్ల డ్రోన్ గాలిలో నిలవాలంటే ఫ్లైట్ కంట్రోలర్ తప్పనిసరి. 2010లో వెలుగులోకి వచ్చిన మల్టీవీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నింటెండో వీ ఆటపరికరంలోని గైరోస్కోపులతో ఈ పని సాధించింది. వాలు, దిశ, వోల్టేజి వంటి వివరాలు కంట్రోలర్ వద్దనే ఉన్నప్పుడు ఓఎస్‌డీ మళ్లీ కొలవనక్కరలేదు. అడిగి తెలుసుకుంటే చాలు. ఈ సూత్రంపై 3డీ రోబోటిక్స్ 2011 ప్రాంతంలో అందించిన మినిమ్ఓఎస్‌డీలో రెండే ప్రధాన చిప్‌లు ఉన్నాయి: ఆర్డుయినో తరహా ఏటీమెగా328, మ్యాక్స్7456. దీని నమూనా బహిరంగం కావడంతో పలు సంస్థలు దానిని చవకగా తయారుచేశాయి.

అడిగి తెలుసుకోవాలంటే ఉభయులకూ ఒకే భాష రావాలి. ఆర్డుపైలట్ కుటుంబం మావ్‌లింక్ అనే సంభాషణనియమావళిని వాడగా, మల్టీవీ కుటుంబం ఎంఎస్‌పీని వాడింది. మినిమ్ఓఎస్‌డీ బోర్డు ఒకటే అయినా, ఆర్డుక్యామ్ ఓఎస్‌డీ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే మొదటి కుటుంబంతోను, రష్ ఓఎస్‌డీ పరంపరలో వచ్చిన ఎండబ్ల్యూఓఎస్‌డీ ఎక్కిస్తే రెండవ కుటుంబంతోను మాట్లాడేది. ఎంపిక బోర్డు నుండి ఫర్మ్‌వేర్‌కు జారడం ఇక్కడే ఆరంభమైందని చెప్పవచ్చు.

ఆనాటి ఇబ్బందులు తక్కువేమీ కావు. మినిమ్ఓఎస్‌డీలో వీడియోభాగానికి, కంప్యూటర్‌భాగానికి విడివిడిగా విద్యుత్తు అందించే ఏర్పాటు ఉండేది. మోటార్ల విద్యుత్ అలజడి చిత్రంలోకి రాకుండా ఇది కాపాడేది. కాని 12 వోల్టుల నుండి 5 వోల్టులకు దించే భాగం బాగా వేడెక్కేది. దానిని తప్పించడానికి పలువురు రెండు భాగాలను టంకంతో కలిపి ఒకే 5 వోల్టుల సరఫరాతో నడిపేవారు. వేడి తగ్గేది, కొన్ని డ్రోన్లలో చిత్రంమీద గీతలు వచ్చేవి. నిర్దోషమైన మార్గం లేనప్పుడు ఏ దోషాన్ని భరించాలో నిర్ణయించుకోవడమే ఎంపికగా ఉండేది.

5. కంట్రోలర్‌లో లీనమైన దశ:

2014 తరువాత చిన్న పందెపు డ్రోన్లు ప్రచారంలోకి వచ్చాయి. వీటిలో అదనపు బోర్డుకు చోటు తక్కువ. ప్రతి తీగా, ప్రతి టంకపు అతుకూ పడిపోయినప్పుడు ఊడిపోయే అవకాశమున్న భాగమే. దీనికి పరిష్కారంగా ఓఎస్‌డీ కంట్రోలర్ బోర్డుమీదికి చేరింది. ఈ చేరికలో రెండు విధాలున్నాయి. కొన్ని బోర్డులు ఓఎస్‌డీకి వేరే ప్రాసెసర్‌ను అలాగే ఉంచి, రెండింటినీ ఒకే పలకమీద అమర్చాయి. వాడేవారు రెండు ఫర్మ్‌వేర్లను నిర్వహించుకోవలసివచ్చింది. ఆమ్నిబస్ ఎఫ్3 వంటివి అక్షరాల చిప్‌ను నేరుగా ప్రధాన ప్రాసెసర్‌కు కలిపాయి. క్లీన్‌ఫ్లైట్ నుండి చీలి వచ్చిన బీటాఫ్లైట్ తన 3.1 రూపంలో ఈ రెండవ విధానానికి ఆధారమిచ్చింది. కాలక్రమంలో అదే నిలిచింది.

దీని ఫలితం గమనించదగినది. కంట్రోలర్‌కు తెలిసిన ఏ విషయమైనా తెరమీదికి రావడానికి అడ్డు తొలగింది. అంతేకాక తెర వినికిడి కూడా నేర్చుకుంది. డ్రోన్ నేలమీద ఉన్నప్పుడు రిమోట్ కర్రలను నిర్ణీతరీతిలో కదిపితే గాగుల్స్‌లో పట్టిక తెరుచుకుంటుంది. అందులోనుండే మోటార్ల స్పందనను, వీడియో చానెల్‌ను మార్చుకోవచ్చు. అంతవరకు నివేదిక చదివే పలకగా ఉన్నది సంభాషణకు వేదికగా మారింది.

6. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి:

బోర్డు ఎంపిక తీరిన తరువాత అంశాల ఎంపిక మిగిలింది. ఎగిరే తీరును బట్టి ఇది మారుతుంది. పందెగానికి గడిచిన సమయం, వోల్టేజి ఉంటే సరిపోతుంది. తెర నడిమిభాగం ఖాళీగా ఉండాలి. దూరప్రయాణానికి ఇంటిదిక్కు చూపే బాణం, దూరం, ఖర్చయిన మిల్లీయాంపియర్ గంటలు, జీపీఎస్ నిర్దేశాంకాలు అవసరం.

ఒకే విషయాన్ని చెప్పే రెండు అంకెలలో ఏది నమ్మదగినదన్నది మరొక ప్రశ్న. లిథియం పాలిమర్ బ్యాటరీ నిండినప్పుడు ఒక్కొక్క సెల్ 4.2 వోల్టులు చూపుతుంది. సుమారు 3.5 వద్ద దిగడం వాడుక. అయితే వేగం ఒక్కసారిగా పెంచితే వోల్టేజి పడిపోయి, తగ్గించగానే తిరిగి లేస్తుంది. ఆ క్షణపు అంకె చూసి భయపడడమూ పొరపాటే, లేచిన అంకె చూసి ధైర్యపడడమూ పొరపాటే. ఖర్చయిన విద్యుత్తు లెక్క ఈ ఊగిసలాట లేనిది. కాని కరెంటు కొలిచే భాగాన్ని సరిచూసుకోకపోతే అది నిలకడగా తప్పు చెబుతుంది. రేడియో విషయంలోనూ ఇంతే. సంకేతబలం వేరు, పంపిన సమాచారంలో చేరినదెంత అని శాతంలో చెప్పే లింక్ నాణ్యత వేరు. సంకేతం బలంగా ఉండి కూడా ఇతర ప్రసారాల రొదలో సమాచారం నష్టం కావచ్చు.

భారతదేశంలో ఎత్తును చూపే అంకెకు చట్టపరమైన ప్రాధాన్యం కూడా ఉంది. డ్రోన్ నియమాలు–2021 ప్రకారం ఎరుపు, పసుపు మండలాలుగా ప్రకటించని చోట 400 అడుగుల లేదా 120 మీటర్ల ఎత్తువరకు గగనతలం ఆకుపచ్చ మండలం. పనిచేస్తున్న విమానాశ్రయపు సరిహద్దు నుండి 8–12 కిలోమీటర్ల మధ్య ఈ పరిమితి 200 అడుగులు లేదా 60 మీటర్లు. శంషాబాద్, గన్నవరం పరిసరాలలో ఎగరేసేవారికి ఈ భేదం ముఖ్యమైనది. ఓఎస్‌డీ సాధారణంగా చూపేది బయలుదేరిన చోటు నుండి ఎత్తు మాత్రమే. గుట్టమీద నుండి లేచిన డ్రోన్ లోయమీదికి సమతలంగా సాగినప్పుడు తెరమీది అంకె మారదు. కిందనున్న నేలకూ డ్రోన్‌కూ మధ్య ఎడం మాత్రం పెరిగిపోతుంది. తెరమీది అంకెను ఎంచుకోవడంతో పాటు దాని అర్థం తెలుసుకోవడం కూడా ఎంపికలో భాగమేనని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

7. డిజిటల్ మలుపు:

2019లో డీజేఐ డిజిటల్ ఎఫ్‌పీవీ వ్యవస్థను విడుదల చేసింది. చిత్రస్పష్టత ఎంతో పెరిగింది. అయితే అనలాగ్ పద్ధతిలో అక్షరాలు డ్రోన్‌లోనే దృశ్యంతో కలిసిపోయి వచ్చేవి. డిజిటల్ పద్ధతిలో దృశ్యం వేరుగా, సమాచారం వేరుగా వచ్చి గాగుల్స్‌లో కలుస్తాయి. అంటే అక్షరాలను గీసే అధికారం డ్రోన్ యజమాని అమర్చుకున్న చిప్ నుండి గాగుల్స్ తయారీదారు సాఫ్ట్‌వేర్‌కు బదిలీ అయింది. తొలి రోజులలో ఆ గాగుల్స్ బీటాఫ్లైట్ అంశాలలో కొన్నింటినే చూపగలిగాయి. కొందరు అభిరుచిపరులు గాగుల్స్ సాఫ్ట్‌వేర్‌లోనికి ప్రవేశించి పూర్తి ఓఎస్‌డీని గీసే మార్గం కనుగొన్నారు. హెచ్‌డీజీరో, వాక్‌స్నెయిల్ వంటి పోటీ వ్యవస్థలు ఎంఎస్‌పీ డిస్‌ప్లేపోర్ట్ అనే బహిరంగ పద్ధతిని స్వీకరించాయి. 2022లో వచ్చిన బీటాఫ్లైట్ 4.3 దీనికి విశాలమైన పలకను సమకూర్చింది. వాక్‌స్నెయిల్‌లో అది 53 నిలువు వరుసలు, 20 అడ్డవరుసలు, అనగా 1060 గడులు.

ఈ మార్పు ఆధారాల స్వరూపాన్ని కూడా మార్చింది. అనలాగ్ గాగుల్స్‌లో నమోదైన ప్రతి చిత్రంలోనూ అంకెలు ముద్రితమై ఉండేవి. పడిపోయిన డ్రోన్‌ను వెదకడానికి చివరి చిత్రంలోని నిర్దేశాంకాలు దారి చూపేవి. దృశ్యాన్ని మాత్రమే నమోదుచేసే డిజిటల్ వ్యవస్థలలో ఈ సౌకర్యం లేదు. చిత్రం అందంగా ఉంటుంది. కాని జరిగినదానికి సాక్ష్యం బలహీనపడుతుంది.

8. లిపి ప్రశ్న:

256 ఆకృతుల పరిమితి ఏ లిపికి చోటిచ్చిందన్నది పరిశీలించవలసిన అంశం. బీటాఫ్లైట్ పాత అక్షరసముదాయంలో సంస్థాచిహ్నం 24 గడుల వెడల్పు, 4 గడుల ఎత్తు ఉండేది. దానికే 96 ఆకృతులు ఖర్చయ్యాయి. మిగిలిన 160లో దిక్కులు చూపే బాణాలు 16, క్షితిజరేఖ ముక్కలు, బ్యాటరీ బొమ్మలు పోగా ఆంగ్లంలోని చిన్న అక్షరాలకు సైతం స్థానం దక్కలేదు. "ల్యాండ్ నౌ" అన్న హెచ్చరిక పెద్ద అక్షరాలలోనే మెరుస్తుంది.

ఒక సంఖ్యకు ఒక ఆకృతి, ఒక ఆకృతికి ఒక గడి అన్న ఈ సూత్రం తెలుగు లిపిస్వభావానికి విరుద్ధం. తెలుగులో గుణింతపు గుర్తు హల్లు పైననో పక్కననో చేరుతుంది. ఒత్తు కిందికి దిగుతుంది. "దిగు" అన్న చిన్న మాటను రెండు సిద్ధాక్షరాలుగా చెక్కి రెండు గడులలో అమర్చవచ్చు. "బ్యాటరీ"లోని తొలి అక్షరాన్ని 12 బిందువుల వెడల్పులో, 18 బిందువుల ఎత్తులో స్ఫుటంగా నిలపడం కష్టం. హల్లులన్నింటికీ గుణింతాలు చెక్కాలంటే 256 స్థానాలు చాలవు. తరువాతి ఏటీ7456ఈ చిప్‌లో ఆకృతులు 512కు పెరిగినా సూత్రం మారలేదు. డిజిటల్ గాగుల్స్ తెర ఏ లిపినైనా గీయగల సమర్థత కలిగినదే. అయినా కంట్రోలర్ పంపేది నేటికీ గడుల సంఖ్యలే. యంత్రం మారినా పాత యంత్రపు వ్యాకరణం నిలిచిపోయింది. టైపురైటర్ కాలంలో తెలుగు లిపి ఎదుర్కొన్న ఇబ్బంది ఈ సందర్భంలో స్ఫురించక మానదు.

9. ముగింపు:

పై పరిశీలన వలన ఈ క్రింది విషయాలు తేటతెల్లమవుతున్నాయి.

• ఓఎస్‌డీ ఎంపిక 2009 ప్రాంతంలో కొలమానాల ఎంపికగా, మినిమ్ఓఎస్‌డీ కాలంలో సంభాషణనియమావళి ఎంపికగా, బీటాఫ్లైట్ కాలంలో అంశాల ఎంపికగా రూపుదాల్చింది.

• బహిరంగ నమూనాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ పరిణామానికి ప్రధానకారణాలు. ఏమి చూడాలో నిర్ణయించుకొనే అధికారాన్ని అవి నడిపేవారికి అందించాయి. డిజిటల్ దశ తొలినాళ్లలో ఆ అధికారం కుంచించుకుపోగా, వాడుకరుల ప్రయత్నం, పోటీ కలిసి దానిని చాలావరకు తిరిగి తెచ్చాయి.

• ప్రతి అంశమూ దృశ్యాన్ని కొంత కప్పివేస్తుంది గనుక తక్కువ అంశాలను, అర్థం తెలిసిన అంశాలను ఉంచుకోవడమే ఉచితమైన ఎంపిక. ఏ అంకె చూసి దిగాలో ఎగరకముందే నిశ్చయించుకోనివారికి తెరనిండా అంకెలున్నా ప్రయోజనం స్వల్పం.

• గడుల సంఖ్య 480 నుండి 1060కి పెరిగినా గడికొక ఆకృతి అన్న నియమం సడలలేదు. భారతీయ లిపులకు ఈ తెరమీద చోటు దొరకాలంటే మార్పు రావలసింది గాగుల్స్‌లో కాదు. కంట్రోలర్‌కూ తెరకూ మధ్య నడిచే సంభాషణనియమావళిలో.