అంగారకుడి సాలీళ్లు

అంగారక గ్రహం దక్షిణ ధ్రువ ప్రాంతపు నేలమీద కనిపించే ఒక రకం చాళ్ల గుంపులకు ‘సాలీళ్లు’ అన్న పేరు స్థిరపడింది. శాస్త్ర పరిభాషలో ఇవి అరేనియఫార్మ్‌లు. ఒక కేంద్రం నుంచి అన్ని దిక్కులకూ కొమ్మలుగా చీలిపోయే ఈ చాళ్ల గుంపుల్లో చిన్నవి కొన్ని పదుల మీటర్లుంటాయి, పెద్దవి కిలోమీటరు దాకా పరుచుకుంటాయి.

1990ల చివర మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌక పంపిన ఫొటోల్లో ఇవి బయటపడ్డాయి. ఏటా వసంతంలో వీటి చుట్టూ నల్లమచ్చలు పుట్టి, వేసవికల్లా మాయమయ్యేవి. రుతువును బట్టి మారేది ఏదైనా ప్రాణమున్నదేమో అనిపించడం సహజమే. శ్రీలంకలో స్థిరపడిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్ వీటిని మర్రిచెట్లతో పోల్చి, అక్కడ వృక్షజాలం ఉండవచ్చన్నాడు. మంచు పోయి బయటపడ్డ నేలే నల్లగా కనిపిస్తోందన్నది మరో ఊహ. మార్స్ ఒడిస్సీ నౌక తీసిన ఉష్ణోగ్రతల కొలతలు దాన్ని తోసిపుచ్చాయి: నల్లమచ్చలు కూడా మంచంత చల్లగానే ఉన్నాయి! అంటే ఆ మచ్చలు మంచు పైన పడిన ధూళి. మరి అక్కడికి ఎలా చేరింది?

హ్యూ కీఫర్ బృందం 2006లో ఇచ్చిన జవాబే నేడు ఎక్కువమంది అంగీకరిస్తున్నది. అక్కడి వాతావరణంలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. శీతకాలంలో చలి మైనస్ 125 డిగ్రీల సెల్సియస్ దాకా దిగేసరికి అది నేరుగా గడ్డకట్టి, సుమారు మీటరు మందాన నేలను కప్పేస్తుంది. ఈ పలక గుండా వెలుతురు దూరుతుంది. వసంతపు ఎండ దీన్ని దాటి వెళ్లి కింది మట్టిని వేడిచేస్తుంది. దాంతో మంచు అడుగు నుంచి, ద్రవంగా మారకుండానే, వాయువవుతుంది. దీన్నే ఉత్పతనం అంటారు. పైకి దారిలేని ఆ వాయువు ఒత్తిడి పెరిగి, పలక ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగలగొట్టుకుని గంటకు దాదాపు 160 కిలోమీటర్ల వేగంతో ఎగజిమ్ముతుంది. ఆ రంధ్రం వైపు నలుమూలల నుంచీ పరుగెత్తే వాయువు నేలను గీరుతూ పోతుంది. సాలీడు కాళ్లు ఆ గీతలే. ఎగిరిన ధూళి గాలివాటున విసనకర్ర ఆకారంలో రాలుతుంది. వేసవికి మంచూ మచ్చా పోయినా చాళ్లు మిగులుతాయి.

చిన్న చాళ్లు ఏటేటా పెరగడాన్ని మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ ఫొటోల ఆధారంగా 2016లో గుర్తించారు. ఆ లెక్కన ఒక సాలీడు పూర్తిగా రూపుదిద్దుకోవడానికి వెయ్యికి పైగా అంగారక సంవత్సరాలు పడుతుంది.

2024లో నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో లారెన్ మెకియోన్ బృందం అంగారకుడి చలినీ అల్పపీడనాన్నీ సృష్టించి ఈ ప్రక్రియను చిన్నస్థాయిలో జరిపి చూపింది. మట్టి రేణువుల సందుల్లో గడ్డకట్టిన మంచు కూడా నేలను పగలగొడుతుందని అందులో తేలింది. కార్బన్ డయాక్సైడ్ సహజంగా ఇలా పలకలు కట్టే చోటు భూమి మీద లేదు, కాబట్టి ఇలాంటి సాలీళ్లూ ఇక్కడ లేవు.