తూర్పు ఇటాలియన్ – ఈ మాట ఎవరిది?

ఉగాది సభలలో తెలుగును కొనియాడునపుడు వక్తలు తప్పక చెప్పు మాట యొకటి గలదు. విజయనగరమునకు వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటీ మన భాషను "తూర్పు దేశపు ఇటాలియన్" అన్నాడని. మేమును బడిలో వల్లించి, మా పిల్లలకు నేర్పితిమి. మొన్న మా అబ్బాయి, "నాన్నగారూ, ఆయన ఏ పుస్తకంలో రాశాడు?" అని అడిగాడు. వెదుకక తప్పలేదు.

కాంటీ వెనిస్ వర్తకుడు. 15వ శతాబ్ది తొలి భాగమున విజయనగరమును చూచెను. స్వయముగా గ్రంథము వ్రాయలేదు. స్వదేశము చేరిన పిదప అతడు చెప్పినది విని, పోపుగారి కార్యదర్శి పోజ్జో లాటిన్ భాషలో వ్రాసెను. దాని ఇంగ్లీషు అనువాదమును 1857లో హక్లూయిట్ సొసైటీ ప్రచురించినది. నగరము చుట్టుకొలత 60 మైళ్లనియు, ఆయుధము పట్టగలవారు 90,000 మంది యనియు అందు గలదు. జనులు స్నానములు చేసి, క్రొత్త బట్టలు కట్టి, మూడు దినములు ఆటపాటలతో విందులతో గడుపు పండుగ యొకటి గూడ గలదు. అది మన ఉగాదియే యని నొక్కి చెప్పజాలము గాని, చదువగానే మనసు పొంగినది. అయితే తెలుగు ఇటాలియన్ వంటిదన్న వాక్యము మాత్రము అందు లేదు!

ఆ పోలిక 19వ శతాబ్దిలో తెలుగు నేర్చిన ఇంగ్లీషువారి రచనలలో కనబడును. క్రమముగా అది కాంటీ పేరునకు అంటుకొన్నది.

పుట్టుక వేరైనను పోలికలో నిజమున్నది. ఇటాలియన్ వలె తెలుగు మాటలును చాలవరకు అచ్చుతో ముగియును. ఇది రైల్వే గుమస్తాలమైన మాకు నిత్యానుభవము. ఇంగ్లీషువాడి రైల్, బస్, టిక్కెట్ మన నోట రైలు, బస్సు, టిక్కెట్టు అగును. అయితే బెంగుళూరులో మా కౌంటరు వద్దకు వచ్చు కన్నడ సోదరులును రైలు, బస్సు అనియే అందురు. మన పాలు వారికి హాలు. కావున ఈ తీపి మన ఒక్కరి సొత్తు కాదు. ఇరుగుపొరుగు పంచుకొన్నది.

కాంటీ సాక్ష్యము లేనంతమాత్రమున తెలుగుకు లోటు లేదు. అసలు లోటు వేరొకటి. ఈ బిరుదును ఇంగ్లీషులో గడగడ చెప్పు పిల్లలు మన ఇండ్లలో ఉన్నారు. తాతగారి తెలుగు ఉత్తరము చదువగలవారు ఎందరు? ఈ ఉగాదినాడు పచ్చడితోపాటు వారిచేత నాలుగు అక్షరములు దిద్దింతము.