తోటివాడి గెలుపుకు ఆమీన్

దుబాయ్ క్రీక్ ఒడ్డున, దేరాలోని అల్ రాస్ పేటలో ఒక పాత బడి ఉంది. పేరు అల్ అహ్మదియా. అహ్మద్ బిన్ దల్మూక్ అనే ముత్యాల వర్తకుడు తలపెట్టిన ఆ బడిని, ఆయన పోయాక కొడుకు ముహమ్మద్ పూర్తిచేశాడు. 1912లో మొదలైన ఈ బడి దుబాయ్‌లో క్రమపద్ధతిలో నడిచిన తొలి పాఠశాల. నడుమ ముంగిలి, చుట్టూ కమానుల వసారా, గోడల మీద జిప్సంలో చెక్కిన ఖురాన్ వాక్యాలు. తర్వాతి కాలంలో దుబాయ్‌ను ఏలిన షేక్ రాషిద్ కూడా ఇక్కడే అక్షరాలు దిద్దుకున్నాడు. కలిగినవాళ్ల పిల్లలు ఫీజు కట్టేవారు, లేనివాళ్ల పిల్లలకు చదువు ఉచితం. ఆ ఫీజు కూడా రూపాయల్లోనే. 1966 దాకా ఆ తీరంలో చెల్లింది రూపాయే మరి.

ఈ బడికి ముందు అక్కడి పిల్లలకు తెలిసిన చదువు ముతవ్వా దగ్గరి చదువు. మన వీధిబడి పంతులులాగే ముతవ్వా కూడా తన ఇంటి అరుగు మీదో, చెట్టు కిందో పిల్లలను కూర్చోబెట్టి ఖురాన్ వల్లె వేయించేవాడు. కొట్టడం, తిట్టడం అక్కడా ఉండేవి. కానీ ఒక పిల్లవాడు ఖురాన్ మొత్తం పూర్తిచేసిన రోజున జరిగే వేడుకను మాత్రం కాస్త నిదానంగా చూడాలి. దాన్ని తోమీనా అంటారు. చదువు ముగించిన పిల్లవాడికి కొత్త బట్టలు తొడిగి, తోటి పిల్లలంతా వాడిని వెంటబెట్టుకుని ఊరేగింపుగా ఇల్లిల్లూ తిరిగేవారు. ఒకరు ప్రార్థన వాక్యాలు చదువుతుంటే మిగతావాళ్లు ఒక్క గొంతుతో ‘ఆమీన్’ అనేవారు. ఇళ్లవాళ్లు మిఠాయిలో, నాణేలో చేతిలో పెట్టేవారు. ఇంకా సగం కూడా చదవని పిల్లవాడు, చివరి వరుసలో కూర్చునే మొద్దబ్బాయి కూడా ఆ గుంపులో గొంతు కలపాల్సిందే. తనకు రాని గెలుపుకు తాను సంతోషించడం ఎలాగో ఏడేళ్ల పిల్లవాడికి ఎవరూ ఉపన్యాసమిచ్చి చెప్పలేదు. వీధిలో నడిపించి నేర్పారు.

రెండో బడి సముద్రం. ఎండాకాలం నాలుగు నెలలు మగవాళ్లు ముత్యాల వేటకు పడవలెక్కితే ఇల్లూ వాకిలీ ఆడవాళ్లే నడిపేవారు. పదేళ్ల పిల్లలు కూడా చిల్లర పనులకు పడవెక్కేవారు. ఊపిరి బిగబట్టి మునిగేవాడికి తాడే ప్రాణం. పైన ఆ తాడు పట్టుకున్నవాడు కింది నుంచి వచ్చే కదలికను కనిపెట్టి క్షణంలో లాగాలి. ఇతరుల అవస్థను పసిగట్టడం అక్కడ మంచితనానికి సంబంధించిన సంగతి కాదు, బతుకుకు సంబంధించినది. పడవలో నహ్హామ్ అనే పాటగాడు ఉండేవాడు. అలుపును, ఇంటి మీద బెంగను అతడు పాటగా ఎత్తుకుంటే పడవంతా వంత పాడేది. జపాన్ పెంపుడు ముత్యాలు, 1929 ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. ఆ దెబ్బకు అహ్మదియా బడి కూడా 1930లలో కొన్నేళ్లు మూతపడింది.

తర్వాత కథ వేగంగా సాగింది. 1953లో షార్జాలో ఖాసిమియా పాఠశాల వచ్చింది. కువైట్ డబ్బుతో, కువైట్ పంపిన పంతుళ్లతో మరికొన్ని వచ్చాయి. 1962 నాటికి ఈ ప్రాంతమంతటా ఉన్నవి 20 బడులు, చదివేవాళ్లు నాలుగు వేల లోపు. అబూ ధాబీ చమురు ఎగుమతి మొదలైనది ఆ ఏడాదే. 1971 డిసెంబర్ 2న ఎమిరేట్స్ సమాఖ్య ఏర్పడింది. ప్రాథమిక విద్య తప్పనిసరి, అన్ని దశల్లోనూ ఉచితం అని రాజ్యాంగం 17వ అధికరణంలో రాసుకున్నారు. ఒక్క తరం తిరిగేసరికి ఆడపిల్లలు కూడా కళాశాలల్లో నిండిపోయారు. ఇది సామాన్యమైన సాధన కాదు.

అయితే ఆ వేగంలో పాత ముంగిళ్లు పోయాయి. ఉమ్మడి వాడలు విడిపోయి ఎత్తు గోడల విల్లాలయ్యాయి. తాత పక్కన మజ్లిస్ అనే అతిథుల గదిలో కూర్చుని పెద్దల మాట తీరు, కాఫీ పోసే మర్యాద చూసి నేర్చుకున్న పిల్లవాడి స్థానంలో, తెర ముందు ఒంటరిగా కూర్చునే పిల్లవాడు వచ్చాడు. చుట్టూ రెండు వందల దేశాల మనుషులు, సొంత పౌరులు జనాభాలో పదో వంతు మాత్రమే. ఇల్లు, వాడ చేసిన పనిని ఇప్పుడు ఎవరు చేయాలి?

ఈ ప్రశ్న అమెరికాలో ముందే పుట్టింది. 1968లో యేల్‌కు చెందిన జేమ్స్ కోమర్ అనే నల్లజాతి వైద్యుడు న్యూ హేవెన్‌లోని పేద పిల్లల బడుల్లో పని మొదలుపెట్టాడు. చదువు రాకపోవడానికి తెలివి తక్కువ కావడం కారణం కాదనీ, ఇంటికీ బడికీ నడుమ నమ్మకం తెగిపోవడమే కారణమనీ ఆయన గట్టిగా చెప్పాడు. 1994లో ‘సోషల్ ఎమోషనల్ లెర్నింగ్’, అంటే భావాలను అదుపు చేసుకోవడం, తోటివారితో మెలగడం నేర్పే చదువు, అన్న పేరుతో ఒక సంస్థే వెలిసింది. మరుసటి ఏడాది అమెరికన్ రచయిత డేనియల్ గోల్‌మన్ పుస్తకం ఆ ఆలోచనను ఇంటింటికీ చేర్చింది.

ఎమిరేట్స్ 2016 ఫిబ్రవరిలో సంతోషానికి ఒక మంత్రిని, సహనానికి మరో మంత్రిని నియమించింది. అదే ఏడాది అబూ ధాబీ యువరాజు హోదాలో షేక్ ముహమ్మద్ బిన్ జాయెద్ ‘మోరల్ ఎడ్యుకేషన్’ కార్యక్రమాన్ని ప్రకటించాడు. కొన్ని బడుల్లో ప్రయోగం చేశాక 2017 సెప్టెంబర్‌లో దేశమంతటా, సర్కారు, ప్రైవేటు తేడా లేకుండా, 1 నుంచి 9 తరగతులకు వారానికొక పిరియడ్‌గా పెట్టారు. మరుసటి ఏడాది పై తరగతులకూ వచ్చింది. దానికి నాలుగు భాగాలు: శీలం, వ్యక్తి-సమాజం, సంస్కృతి, పౌరబాధ్యత. ఒకటో తరగతిలో న్యాయం, ఆప్యాయత పాఠాలు. పై తరగతుల్లో మానసిక ఆరోగ్యం, డబ్బు పట్ల జాగ్రత్త కూడా చేర్చారు.

అమెరికా పద్ధతి పిల్లవాడి లోపలి నుంచి మొదలవుతుంది: నీకు కోపం వచ్చిందా, దానికి పేరు పెట్టు, ఊపిరి తీసుకో. ఎమిరేట్స్ పద్ధతి చుట్టూ ఉన్న మనుషుల నుంచి మొదలవుతుంది. తోమీనా చూసిన నేలకు ఇదే సహజమని నాకనిపిస్తుంది. మనకూ ఇదే దగ్గర. కానీ ఒక చిక్కు ఉంది. ప్రభుత్వమే పాఠం రాసి, దేశాభిమానాన్నీ దయనూ ఒకే పుస్తకంలో కుట్టినప్పుడు, పిల్లవాడు మనసులోని మాట చెప్పకుండా టీచరుకు నచ్చే జవాబు చెప్పడం నేర్చుకుంటాడు. మన బడుల్లో నీతిబోధ పిరియడ్‌కు పట్టిన గతి తెలిసిందే. పరీక్షలు దగ్గరపడితే ఆ గంట లెక్కల మాస్టారిది.

అందుకే దుబాయ్ ప్రైవేటు బడులను పర్యవేక్షించే కె.హెచ్.డి.ఎ. 2017లో చేసిన పని నాకు మరింత నచ్చింది. దక్షిణ ఆస్ట్రేలియా విద్యాశాఖతో కలిసి అది పిల్లలనే నేరుగా అడిగింది. నీకు బడిలో స్నేహితులున్నారా, రాత్రి నిద్ర పడుతోందా, పొద్దున తిని వస్తున్నావా, నీ గురించి పట్టించుకునే పెద్దవాళ్లు బడిలో ఎవరైనా ఉన్నారా అన్న తరహా ప్రశ్నలకు తొలి ఏడాదే దాదాపు 65 వేల మంది జవాబిచ్చారు. ఆ పిల్లల్లో మన భాష మాట్లాడేవాళ్లూ ఉండి ఉంటారు. అక్కడి భారతీయ బడుల్లో సి.బి.ఎస్.ఇ. పాఠాలు చదివే తెలుగు పిల్లలకూ ఆ మోరల్ ఎడ్యుకేషన్ పిరియడ్ పెట్టారు.

కానీ ఈ కథలో తెలుగువాళ్ల పాత్ర తరగతి గదిలో కన్నా ఇళ్లలో ఎక్కువ. రాయచోటి, రాజోలు ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు ‘ఖద్దామా’ పనికి, అంటే ఇంటిపనికి, వెళ్లే ఆడవాళ్ల సంగతి మనకు తెలుసు. అరబ్బు ఇంట్లో బిడ్డ పడిపోతే ముందు ఎత్తుకునేది ఆమె, జ్వరం వస్తే రాత్రంతా కూర్చునేది ఆమె. తనకు తెలియని భాషలో జోకొట్టేదీ ఆమే. ఇంకొకరి బాధను గుర్తించడం ఆ బిడ్డ మొదట నేర్చుకునేది ఆ ఒడిలో. మోరల్ ఎడ్యుకేషన్ అమలైన 2017లోనే ఇంటిపని కార్మికులకు వారానికొక రోజు సెలవు, రోజుకు 12 గంటల విశ్రాంతి ఇవ్వాలని ఎమిరేట్స్ 10వ నంబరు చట్టం చేసింది. ఆ విద్య ఫలించిందా లేదా అన్నది పరీక్ష పేపరులో కాదు, ఆ సెలవు ఆ ఇంట్లో నిజంగా అందుతోందా అన్న చోట తేలాలి.

ఆమె సొంత బిడ్డ మాత్రం ఇక్కడ, అమ్మమ్మ దగ్గర, సర్కారు బడిలో ఉంటాడు. తల్లి వారానికోసారి వీడియో కాల్‌లో కనిపిస్తుంది. వాడు క్లాసులో ఎందుకు మొండికేస్తున్నాడో, ఎందుకు ఉన్నట్టుండి మాట్లాడడం మానేశాడో అడిగి తెలుసుకునే తీరిక టీచరుకు ఉండదు, ఉన్నా ఆ శిక్షణ ఉండదు. 2020 జాతీయ విద్యావిధానం పిల్లల భావోద్వేగాల గురించీ, బడుల్లో కౌన్సెలర్ల గురించీ మాట్లాడింది. మన సర్కారు బడుల్లో అలాంటి మనిషి కనిపించడం అరుదు. గల్ఫ్ వలస ఎక్కువున్న మండలాల్లో ఉన్నత పాఠశాలకు ఒకరి చొప్పున శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను వేయడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. తల్లి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఏ తరగతిలో ఎందరున్నారో అక్కడి టీచర్లను అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి పేర్లతో సహా చెబుతారు.