ఇటాలియన్ పిల్లల భాషాలోపం: జారిపోయిన సర్వనామం

వినికిడి సరిగానే ఉంటుంది. బుద్ధి చురుకుగానే ఉంటుంది. మెదడుకు దెబ్బ తగిలిన జాడ ఉండదు. అయినా నాలుగేళ్ళ బిడ్డ మాట రెండేళ్ళ బిడ్డ మాటలా ఉండిపోతుంది. ఈ స్థితికి వైద్యులు, భాషావేత్తలు పెట్టిన పేర్లు మారుతూ వచ్చాయి. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష గాని, స్కానింగ్ గాని లేదు. బిడ్డ పలికే వాక్యమే ఆధారం. అందువల్ల ప్రతి భాషకూ గుర్తింపు పద్ధతిని వేరుగా వెదకవలసి వచ్చింది. ఇటాలియన్‌లో జరిగిన వెదుకులాట వీటిలో విశిష్టమైనది.

ఇటలీలో లోపమేదో, మాండలికమేదో తేల్చడమే మొదటి చిక్కు. 1861లో దేశం ఏకమైనప్పుడు ఇటాలియన్ మాట్లాడగలవారు జనాభాలో 2.5 శాతమేనని తుల్లియో దె మౌరో 1963 నాటి గ్రంథంలో అంచనా వేశారు. తక్కినవారి ఇళ్ళలో ప్రాంతీయ భాషలే. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో దక్షిణాది కుటుంబాలు ఉత్తరాది పారిశ్రామిక నగరాలకు వలస వెళ్ళినప్పుడు, వారి పిల్లలు ఎందరో ‘ప్రత్యేక తరగతుల’ పాలయ్యారు. ఇంటి యాసను మందబుద్ధిగా లెక్కగట్టిన ఆ ఏర్పాటును 1977 నాటి 517వ చట్టం రద్దు చేసింది. పిల్లలందరూ ఒకే తరగతిలో కూర్చున్నాక, నిజంగా సాయం కావలసిన బిడ్డ ఎవరన్న ప్రశ్న మరింత సూటిగా ఎదురైంది.

1987లో లారెన్స్ లెనర్డ్, వర్జీనియా వోల్తెర్రా తదితరులు ఇంగ్లీషు, ఇటాలియన్ పిల్లలను పోల్చి ఒక అధ్యయనం ప్రచురించారు. భాషాలోపమున్న ఇంగ్లీషు పిల్లలు క్రియల చివరి ప్రత్యయాలను వదిలేస్తారన్నది అప్పటికే తెలిసిన సంగతి. ఇటాలియన్ పిల్లలు చాలా ప్రత్యయాలను వారికంటే మెరుగ్గా పలికారు. ఇందులో వింత లేదు. ఇంగ్లీషులో ప్రత్యయం ఊడిన క్రియ కూడా పదమే. ఇటాలియన్‌లో ‘దోర్మే’ (నిద్రపోతాడు) నుంచి చివరి అచ్చు తీసేస్తే మిగిలేది పదం కాదు. ఇటాలియన్ పిల్లలు తడబడినవి మరోచోట: నామవాచకం ముందు వచ్చే ఆర్టికల్, క్రియ ముందు అతుక్కునే కర్మ సర్వనామం.

‘మరియా మాంజా లా మేలా’ అంటే మరియా ఆపిల్ తింటోంది. ఆపిల్ సంగతి ముందే తెలిస్తే ‘మరియా లా మాంజా’ (మరియా దాన్ని తింటోంది) అనాలి. క్రియ తరువాత ఉండవలసిన కర్మ, ఒక చిన్న అక్షరమై ముందుకు దూకుతుంది. దాని మీద ఊనిక ఉండదు. వేగంగా పలికితే వినిపించీ వినిపించనట్లుంటుంది. ఇలాంటి బలహీనాక్షరాలను పట్టుకొని, వాటి వ్యాకరణ ప్రయోజనాన్ని గ్రహించడమే ఈ పిల్లలకు కష్టమని లెనర్డ్ వాదన. ‘దోర్మొనో’ (నిద్రపోతారు) వంటి బహువచన రూపాల్లో, ఊనిక పడిన అక్షరం వెంట రెండు బలహీనాక్షరాలు రావడం వల్ల వచ్చే తడబాటుకూ ఈ వాదన సరిపోతుంది. ధ్వని ఒక్కటే కారణం కాదు, వాక్యంలో స్థానం మారడం కూడా కారణమని ఇతరుల అభిప్రాయం. రెండో మాటలో బలముంది: ఆర్టికల్ ‘లా’, సర్వనామం ‘లా’ చెవికి ఒకటే అయినా పిల్లలకు రెండూ ఒకే తీరున కష్టం కావు.

ఉంబెర్తా బొర్తొలీని బృందం 2002లోను, 2006లోను ఈ సంగతిని రోగనిర్ధారణ వైపు మళ్ళించింది. బడికి ముందు వయసు పిల్లలను వేరుచేసి చూపడంలో కర్మ సర్వనామాలను పలికించే పరీక్ష, అర్థంలేని పదాలను విని తిరిగి చెప్పించే పరీక్ష బాగా ఉపకరించాయి. బొమ్మ చూపించి, “మరియా ఆపిల్‌ను ఏం చేస్తోంది?” అని అడిగితే ‘లా మాంజా’ రావాలి. ‘మాంజా’ ఒక్కటే వస్తే ఇటాలియన్ చెవికి వాక్యం కుంటుతుంది. బడి వయసు పిల్లల మీద 2014లో వెలువడిన మరో పరిశోధన, లోపమున్నవారు సర్వనామానికి బదులు పూర్తి నామవాచకాన్నే తిరిగి చెప్పే ఉపాయం నేర్చుకుంటారని చూపింది. వ్యాకరణం తప్పదు, లోపం మాత్రం దాక్కుంటుంది. అయిదేళ్ళలోపే చూడాలన్న తొందరకు ఇదొక కారణం.

అచ్చుతో ముగిసే పదాల వల్ల తెలుగును ‘ప్రాచ్య ఇటాలియన్’ అనడం మనవారికి ముచ్చట. ఆ పోలికను నమ్మి ఈ పరీక్షను యథాతథంగా తెలుగు చేస్తే ముప్పే. “ఆపిల్‌ను ఏం చేస్తోంది?” అన్న ప్రశ్నకు “తింటోంది” అని బిడ్డ బదులిస్తే తెలుగులో అది నిండు వాక్యం. ఆర్టికల్ మనకు అసలే లేదు. అర్థంలేని పదాల పరీక్ష కొంత తేలికగా సరిహద్దు దాటగలదు. అయితే ఆ పదాలు తెలుగు నోటికి అలవాటైన అచ్చులతో, ద్విత్వాలతో కొత్తగా కట్టినవై ఉండాలి.