ఇసుక కింది చిత్తడి: టిడ్‌మార్ష్ క్రాన్‌బెర్రీ క్షేత్ర పునరుద్ధరణ

మసాచుసెట్స్‌లో క్రాన్‌బెర్రీ సాగు చరిత్ర ఇసుకతో మొదలవుతుంది. 1816 ప్రాంతంలో కేప్ కాడ్‌లోని డెన్నిస్ వాసి హెన్రీ హాల్, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పడ్డచోట అడవితీగలు ఏపుగా పెరగడం గమనించాడు. అంతకు ఎంతో ముందునుంచే వాంపనోగ్ ప్రజలు ఆ పుల్లని పండ్లను ఏరుకొని వాడుకొనేవారు. తరువాతి రైతులు చిత్తడినేలలను చదునుచేసి, వాగులను తిన్నని కాలువలుగా మలచి, అడ్డుకట్టలు వేసి, కొన్నేళ్లకొకసారి తోటపై ఇసుక పరిచారు. మొక్కల అవశేషాలు కుళ్లక పేరుకొన్న పీట్ నేల ఆ పొరల అడుగున పూడిపోయింది.

విస్కాన్సిన్, క్విబెక్‌ల కొత్త తోటలు, అధిక దిగుబడి వంగడాలు పోటీకి రాగా పాత తోటలు గిట్టుబాటు కాలేదు. భూమిని ఇళ్లస్థలాలుగా అమ్ముకోవడం సులభమైన దారి. ప్లిమత్‌లోని టిడ్‌మార్ష్‌లో 2010లో చివరి పంట కోసిన తరువాత ఆ దారి పట్టలేదు.

సాగు మానితే చిత్తడి దానంతటదే తిరిగివస్తుందనుకోవడం పొరపాటు. ఇసుకపొర ఆరిపోయి, కాలువలు నీటిని లాగివేయగా అక్కడ పైన్ చెట్ల మెట్టనేల ఏర్పడుతుంది. అందుకే 2015-16లో అడ్డుకట్టలు తొలగించి, కాలువలు పూడ్చి, బీవర్ డామ్ బ్రూక్ వాగుకు వంపుల మార్గం తవ్వి, యంత్రాలతో నేలను మిట్టపల్లాలుగా కలియబెట్టారు. అట్లాంటిక్ తెల్ల సెడార్ మొక్కలను వేలసంఖ్యలో నాటారు. నాటనివీ వచ్చాయి: ఇసుక కింద దశాబ్దాలుగా నిద్రాణంగా ఉన్న చిత్తడిమొక్కల విత్తనాలు వెలుగు సోకగానే మొలిచాయి.

అయితే 'పునరుద్ధరణ' అన్న మాటను ఇక్కడ కొంత జాగ్రత్తగా వాడాలి. ఇసుకను పూర్తిగా తీసివేయలేదు, పీట్‌తో కలిపారంతే. 2017లో మాస్ ఆడుబన్ సంస్థ అభయారణ్యంగా తెరిచిన ఈ నేల సాగుకు ముందునాటిది కాదు, తోటలనాటిదీ కాదు. హెర్రింగ్ చేపలకు మాత్రం సముద్రం నుండి వాగులోకి దారి తెరుచుకొంది.